లోచూపు ఎవరి సొత్తు?

మా ఊరి రైల్వే స్టేషనుకు మా ఊరి పేరు లేదు. ఊరు ఆమదాలవలస, స్టేషను పలకమీద ఉన్నది శ్రీకాకుళం రోడ్డు. తెల్లవారుజామున అక్కడ విశాఖపట్నం వెళ్ళే బండికోసం నిలబడినవారిని కాస్త పరికించి చూడండి. ఏ రోజున చూచినా ఇద్దరు ముగ్గురి చంకలోనైనా పెద్ద కవరు ఒకటి కనబడుతుంది. పైన ఏదో స్కానింగు సెంటరు పేరు, లోపల నల్లని ఫిల్ములు. వర్షం వస్తే తాము తడిసినా కవరును తడవనివ్వరు. మడత పడితే పనికిరాకుండా పోతుందేమోనని బండిలో దానిని ఒళ్ళో నిలువుగా నిలబెట్టుకొని కూర్చుంటారు. ఆ ఫిల్ములలో ఉన్నది వారి దేహమే. దానిని మోసేది వారే, చదవలేనిదీ వారే.

రెండేళ్ళ క్రిందట అటువంటి కవరొకటి నేనూ మోశాను. అది మా మావది. ఆ కవరు మోసినన్నాళ్ళూ నా మనస్సులో మెదిలిన ప్రశ్నలను పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసంలో నా పని. వైద్యం నా శాస్త్రం కాదు. నేను తెలుగు పాఠం చెప్పుకొనేవాణ్ణి. అయితే ఇక్కడి ప్రశ్న వైద్యుల కొక్కరికే సంబంధించినదని నేననుకోను.

మా కళాశాల స్టాఫురూములో ఈ విషయమై రెండు పక్షాలున్నవి. భౌతికశాస్త్రం చెప్పే మిత్రుడొకరు, "యంత్రం తీసిన చిత్రానికి పక్షపాతం లేదు, అది చెప్పినట్లు కోస్తే చాలు, మధ్యన మనుష్యుల అభిప్రాయా లెందుకు?" అంటారు. ఇంకొకరు, వయస్సులో పెద్దవారు, నాడి పట్టి, ముఖం చూచి రోగం చెప్పిన పాత వైద్యుణ్ణి తలచుకొని నిట్టూరుస్తారు. యంత్రం వచ్చి వైద్యంలోని మానవత్వాన్ని మింగివేసిందంటారు. రెండవ వాదం వినడానికి సొంపుగా ఉంటుంది. కాని ఆ నాడి పట్టిన కాలంలో ప్రేగులలో కాన్సరు వచ్చినవాడు ఏమయ్యేవాడో ఆ పెద్దలు చెప్పరు. చచ్చిపోయేవాడు, అంతే. రాచపుండని ఒక పేరు పెట్టి ఇంటివెనుక వసారాలో మంచం వేసేవారు. గతాన్ని గూర్చి ఇటువంటి బెంగ పెట్టుకోవడం అభ్యుదయవాదుల పని కాదు. ఇక మొదటి వాదానికి జవాబు చెప్పాలంటే ఆ చిత్రంలో ఏముంటుందో, ఏముండదో ముందు తెలిసికోవాలి.

1895 నవంబరులో జర్మనీలోని వుర్జ్‌బర్గులో రంట్‌గెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. డిసెంబరులో తన భార్య చేతిని వాటితో చిత్రిస్తే ఎముకలూ వేలి ఉంగరమూ కనబడినవి. మనిషిని కోయకుండా లోపల చూడడం అక్కడ మొదలు. 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెలు బహుమానం ఆయనకే వచ్చినది. ఆయన తన ఆవిష్కారంమీద పేటెంటు తీసికొనలేదు. ఈ సంగతి తరువాత మనకు అవసరమవుతుంది. 1971 అక్టోబరు 1న లండనులోని ఆట్కిన్సన్ మార్లే ఆసుపత్రిలో హౌన్స్‌ఫీల్డు తయారుచేసిన సీటీ యంత్రం మొదటిసారిగా ఒక రోగి తలను పొరలు పొరలుగా చూపించినది. ఆ వెనుక వచ్చినది ఎమ్మారై. ఇందులో ఎక్స్ కిరణాలు లేవు. దేహంలోని నీటిలో ఉండే ఉదజని కేంద్రకాలను పెద్ద అయస్కాంతం మధ్య కదిలించి, అవి తిరిగి కుదుటపడేటప్పుడు ఇచ్చే సంకేతాలతో బొమ్మ కడతారు. కొవ్వు ఒక విధంగా, కండరం ఒక విధంగా, కణితి ఇంకొక విధంగా కనబడతాయి.

పెద్దప్రేగు చివరి భాగాన్ని పురీషనాళ మంటారు. అది కటి ఎముకల ఇరుకు గిన్నెలో అడుగున ఉంటుంది. మగవాడిలో దాని ముందు మూత్రాశయం, ప్రొస్టేటు గ్రంథి. ప్రక్కల మూత్రానికీ దాంపత్యానికీ అవసరమైన నరాలు. క్రింద మలాన్ని ఆపే కండరం. అక్కడ కణితి పుడితే తీయడం కష్టం. 1908లో లండను శస్త్రవైద్యుడు ఎర్నెస్టు మైల్సు పొట్టవైపు నుండీ క్రిందివైపు నుండీ కోసి పురీషనాళాన్ని మలద్వారంతో సహా తీసివేసే పద్ధతిని ప్రకటించాడు. రోగికి జీవితాంతం పొట్టమీద రంధ్రమే గతి. చాలాకాలం దానికి మించిన ఉపాయం లేదు. ఆ తరువాతి వైద్యులు మలద్వారాన్ని నిలబెట్టే ఆపరేషన్లు చేసినా, కోసినచోటనే రోగం మళ్ళీ లేవడం సాధారణంగా ఉండేది.

ఎందుకు లేస్తున్నదో తెలిసికొనడానికి డెబ్బయి ఎనభై ఏళ్ళు పట్టినది. పురీషనాళం చుట్టూ కొవ్వు ఉన్నది, ఆ కొవ్వును చుట్టి పలుచని పొర ఉన్నది. మన ఉద్దానంవైపు పనసకాయ ఒలిచేవారికి ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. తొనను పొరతో సహా తీయడం వేరు, చేతికి వచ్చినంత పీకడం వేరు. ఇంగ్లండులోని బేసింగ్‌స్టోకు పట్టణంలో బిల్ హీల్డ్ అనే వైద్యుడు ఆ కొవ్వు సంచిని చెదరకుండా, పొర వెంట పదునుగా కోసి, మొత్తంగా తీయాలని 1982లో నిరూపించాడు. 1986లో లీడ్సుకు చెందిన ఫిలిప్ క్విర్కు, తీసిన భాగాలను అడ్డంగా ముక్కలు కోసి సూక్ష్మదర్శినిలో పరీక్షించి, కణితి ఆ సంచి అంచును తాకి ఉన్నవారిలోనే రోగం ఎక్కువగా తిరగబెడుతున్నదని చూపించాడు. అనగా అసలు కీలకం అంచులో ఉన్నది. అయితే కోసి తీసిన తరువాత అంచు తెలిసి ఏమి లాభం? ముందే తెలియాలి. 2006లో వెలువడిన మెర్క్యురీ అధ్యయనం నాలుగు ఐరోపా దేశాలలోని 11 కేంద్రాలలో 408 మంది రోగులను తీసికొని, ఆపరేషనుకు ముందు తీసిన ఎమ్మారై ఆ అంచును పట్టగలదా అని పరీక్షించినది. తీరా కోసిన తరువాత అంచు శుభ్రంగా ఉన్నదని తేలినవారిలో నూటికి 92 మంది విషయంలో చిత్రం ఆ మాట ముందుగానే సరిగా చెప్పినది. కణితికీ పొరకూ మధ్య ఒక మిల్లీమీటరు ఎడం ఉన్నదా లేదా అన్నది నేడు ప్రపంచమంతటా శస్త్రవైద్యులు ముందుగా చూచే కొలత. ఎడం ఉంటే నేరుగా ఆపరేషనుకు పోవచ్చు. లేకపోతే ముందు రేడియేషను, మందులు, కణితి కుంచించిన తరువాత మళ్ళీ చిత్రం, అప్పుడు కత్తి.

ఒక్క మిల్లీమీటరు కోసం ఇంతమంది, ఇన్నేళ్ళు కష్టపడడం చూస్తే నాకు గర్వంగా ఉంటుంది. మానవజాతి సాధించినవాటిలో ఇది చిన్నది కాదు. యంత్రాన్ని తిట్టే మా పెద్దాయనకు నేను చెప్పదలచుకొన్నది ఇదే.

ఇక మా మావ సంగతి. ఆయన మా అమ్మకు అన్న. ఊరిలో చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజులలో సీజను కూలీగా పనిచేశాడు. అది మూతబడిన తరువాత కౌలు వ్యవసాయం, గొర్రెలు. కాని చుట్టుప్రక్కల ఊళ్ళలో ఆయనను ఎరిగినవారు ఎరిగినది తప్పెటగుళ్ళ గురువుగా. రొమ్ముకు రేకు తప్పెట కట్టుకొని, కాళ్ళకు గజ్జెలతో, రెండు చేతులా వాయిస్తూ గెంతుతూ పాడే మా గొల్లవారి కళ అది. ఒకరిమీద ఒకరు ఎక్కి నిలబడతారు, వెనక్కు పల్టీలు కొడతారు. అరవై దాటినా ఆయన కుర్రవాళ్ళ మధ్య నిలబడి అడుగు వేసి చూపేవాడు. ఏడాది పాటు నెత్తురు పడుతుంటే మొలలని ఎవరో చెప్పగా ఆకుపసరు తాగాడు. మనదేశంలో ఈ కాన్సరు పాశ్చాత్య దేశాలలో కంటె తక్కువమందికే వస్తుంది. వచ్చినవారు మాత్రం ముదిరిన తరువాత వస్తారు. దానికి కారణం ఇదిగో, ఈ మొలల కథే. చివరకు విశాఖలో ఒక ఆసుపత్రిలో గొట్టం వేసి చూచి, ముక్క తీసి పరీక్షించి, సీటీ, ఎమ్మారై తీశారు.

ఇంగ్లీషు చదవగలిగినవాణ్ణి కనుక రిపోర్టు నా చేతికి వచ్చినది. కణితి బాగా క్రిందుగా ఉన్నది. పొరకు ఒక మిల్లీమీటరు కంటె దగ్గరగా ఉన్నది. ఆపుదల కండరానికి ఆనుకొని ఉన్నది. ఆ మూడు వాక్యాలకూ అర్థం నాకు వైద్యుడు విడమరచి చెప్పాడు: అయిదు వారాల పాటు రేడియేషను, దానితో మాత్రలు, తరువాత ఆపరేషను, బహుశా జీవితాంతం పొట్టమీద సంచి.

అక్కడ నేనొక పని చేశాను. వరండాలో కూర్చున్న మావ దగ్గరకు వచ్చి, "ప్రేగులో గడ్డ ఉంది మావా, కరెంటు పెడితే కరిగిపోతుందట" అన్నాను. కాన్సరన్న మాట గాని సంచి అన్న మాట గాని నా నోట రాలేదు. మా బావ, అంటే ఆయన కొడుకు, కళ్ళతో నన్ను అలా చెప్పమన్నాడు. అత్తయ్య ముందే ఒట్టు వేయించుకొన్నది. కాని వారి మీద నెట్టి నేను తప్పించుకోలేను. రిపోర్టు చదివినది నేను. పాఠం చెప్పేటప్పుడు ఒక పద్యంలో ఒక పాదం విడిచి అర్థం చెప్పే ఉపాధ్యాయుణ్ణి నేను క్షమించను. అక్కడ నేనే మూడు వాక్యాలలో రెండున్నర విడిచిపెట్టాను.

నా మనస్సును నేను సమర్థించుకొన్న తీరు కూడా చెప్పాలి, ఎందుకంటే అది నా ఒక్కడిదే కాదు. "మన కుటుంబాలు వేరు, పాశ్చాత్యులలాగ ఒంటరి వ్యక్తులం కాము, మన దగ్గర రోగి ఒక్కడు కాదు, ఇల్లంతా రోగే, కనుక ఇల్లే నిర్ణయిస్తుంది." వినడానికి ఇందులో సమష్టి భావన ఉన్నట్లుంటుంది. నిజానికి ఇది పెత్తనం. ఇల్లంతా కలిసి నిర్ణయించినప్పుడు ఆ ఇంటిలోని ఒక్క మనిషి, ఎవరి దేహమో ఆ మనిషి, వరండాలో ఎందుకు కూర్చున్నాడు? సమష్టి నిర్ణయమంటే అందరూ ఉన్న సభలో జరగాలి. కూలి సంఘం తీర్మానాన్ని కూలీలు లేకుండా చేస్తే మనం దానిని ఏమంటాము?

ఈ విషయంలో మన న్యాయస్థానం మన ఆచారం కంటె ముందున్నది. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ప్రతి విద్యార్థీ చదవదగినది. లోపల చూచి పరీక్షించడానికి మాత్రమే ఆమె ఒప్పుకొన్నది. మత్తులో ఉండగా వైద్యురాలు బయట ఉన్న తల్లి అనుమతి తీసికొని గర్భాశయాన్నీ అండాశయాలనూ తీసివేసినది. చూడడానికి ఇచ్చిన అనుమతి కోయడానికి అనుమతి కాదనీ, తెలివి వచ్చేవరకు ఆగగలిగిన పనికి తల్లి ఒప్పుకోలు చాలదనీ కోర్టు నిర్ణయించినది. చూపుకూ కోతకూ మధ్య మనిషి ఒకడున్నాడన్నమాట. అలాగని చిత్రంలో ఉన్న ప్రతిదీ ప్రతిసారీ చెప్పితీరాలని కూడా నేను వాదించను. గర్భస్థ శిశువు ఆడో మగో స్కానింగులో కనబడినా చెప్పరాదని 1994లో చట్టం చేసికొన్నాము; అది సబబైన చట్టం. అక్కడ చెప్పడమంటే పుట్టబోయే ఆడపిల్ల గొంతు నొక్కడం. చిత్రం సత్యమే చూపుతుంది గాని, ఆ సత్యం ఎవరి చేతికి పోతే ఏమి చేస్తుందన్న ప్రశ్న చిత్రానికి వెలుపల ఉన్నది. మావ విషయంలో ఆ సత్యాన్ని దాచి మేము ఎవరి ప్రాణం కాపాడాము? ఎవరిదీ కాదు. మా ముఖాలు ఆయన చూడకుండా కాపాడుకొన్నాము.

అయిదు వారాలు గడిచినవి. తరువాత రెండు నెలలు ఆగి మళ్ళీ ఎమ్మారై తీశారు. కణితి ఉన్నచోట ఇప్పుడొక నల్లని మచ్చ. శస్త్రవైద్యుడు ఓపికగలవాడు, చీటీ వెనుక బొమ్మ గీసి చెప్పాడు. రేడియేషను పడినచోట మానిన మచ్చా, మిగిలిన కణితీ చిత్రంలో ఒకదానినొకటి పోలి ఉంటాయి. పూర్తిగా పోయిందో, అడుగున కొద్దిగా మిగిలిందో ఎవరూ ఖాయంగా చెప్పలేరు. కాబట్టి రెండు దారులున్నవి. ఒకటి, అనుకొన్నట్లు ఆపరేషను చేసి సంచి పెట్టడం. రెండు, కోయకుండా కనిపెట్టి చూడడం. ఈ రెండవ దారిని బ్రెజిల్‌లోని సావోపౌలో నగరంలో ఆంజెలిటా హబ్ర్-గామా అనే శస్త్రవైద్యురాలు తెరచినది. 2004లో ఆమె 265 మంది రోగుల లెక్క ప్రకటించినది. వారిలో రేడియేషనుతోనే కణితి కనబడకుండా పోయిన 71 మందిని కోయకుండా కనిపెట్టి ఉన్నది. తోటివారు చాలాకాలం ఆమెను నమ్మలేదు. నేడు అనేక దేశాలలో ఈ పద్ధతి ఉన్నది. అయితే అలా వదిలినవారిలో ఇంచుమించు నలుగురిలో ఒకరికి రెండేళ్ళలోపుగా కణితి అక్కడే మళ్ళీ లేచిందని 2018లో 880 మందిని గమనించి చెప్పారు. అందుచేత మొదటి రెండు మూడేళ్ళు సుమారు మూడు నెలలకొకసారి గొట్టంతో చూడాలి, తరచుగా ఎమ్మారై తీయాలి. లేచినది లేచినట్టు పట్టుకొంటే అప్పుడైనా ఆపరేషను చేయవచ్చు.

చెప్పి ఆయన, "మీ రేమంటారు?" అని బావను అడిగాడు. బావ నా వంక చూచాడు. నేను గోడమీది దీపపు పెట్టెలో వేలాడుతున్న ఫిల్ము వంక చూచాను.

ఇక్కడే మా భౌతికశాస్త్ర మిత్రుని వాదం తేలిపోయినది. "ఉన్నది" అన్నదానినుండి "చేయవలసినది" అన్నది తనంతట పుట్టదని పద్దెనిమిదవ శతాబ్దంలోనే హ్యూము అన్నాడు. ఆయనతో మనకు చాలా తగవులున్నా ఈ మాట నిజం. ఫిల్ములో మచ్చ ఉన్నది. కొలత ఉన్నది. తప్పెట కట్టిన రొమ్ముకు జానెడు క్రింద సంచి వ్రేలాడితే ఈ మనిషి ఏమవుతాడన్నది అందులో లేదు. సంచితో పదేళ్ళు మేలా, సంచి లేకుండా భయంతో మేలా అన్నది అందులో లేదు. కావ్యార్థం కావ్యంలోనే ఉన్నది, కవి బ్రతికిన సంఘంతోను చదువరితోను పనిలేదని వాదించే రూపవాదులతో మన పత్రికలు ఏళ్ళ తరబడి పోరాడినవి. చిత్రమే నిర్ణయిస్తుందనే మాట ఆ రూపవాదానికి ఆసుపత్రిలో పుట్టిన తమ్ముడు. పైగా చిత్రాన్ని కూడా ఎవరో ఒకరు చదవాలి. రేడియాలజిస్టు వ్రాసేది వ్యాఖ్యానమే. మంచి వ్యాఖ్యాతలిద్దరు ఒకే పద్యానికి వేరువేరుగా చెప్పినట్లు, ఇద్దరు రేడియాలజిస్టులు ఒకే మచ్చను వేరువేరుగా చెప్పవచ్చు.

ఇప్పుడా వ్యాఖ్యానం కూడా కంప్యూటరు చేస్తున్నది కదా అని విద్యార్థులు అడుగుతారు. కృత్రిమ మేధ కణితి అంచును తానే రంగుతో గీస్తుంది, రక్తనాళాలను మూడు వైపులా తిప్పి చూపుతుంది, రోగం కాలేయానికి ప్రాకినవారిలో ఎంత కోస్తే ఎంత కాలేయం మిగులుతుందో ముందే లెక్కకడుతుంది. మంచిదే. నా సందేహాలు రెండు. 2025లో పోలండునుండి ఒక అధ్యయనం వచ్చినది. పెద్దప్రేగును గొట్టంతో పరీక్షించేటప్పుడు కంతులను చూపిపెట్టే యంత్రానికి అలవాటు పడిన అనుభవజ్ఞులైన వైద్యులు, అది లేకుండా చేసిన పరీక్షలలో, నూటికి 28.4లో కంతులు కనిపెట్టేవారు 22.4కు పడిపోయారట. చెయ్యి తిరిగిన వైద్యుల కన్నే ఇలా మొద్దుబారితే, యంత్రంతోనే చదువు మొదలుపెట్టే కుర్రవాళ్ళ సంగతేమిటి? రెండవది సొత్తును గూర్చినది. ఆ యంత్రం చూడడం ఎలా నేర్చుకొన్నది? వేలాది రోగుల చిత్రాలమీద వైద్యులు కూర్చొని చేతితో గీసిన గీతలనుండి. అది రోగుల దేహం, వైద్యుల శ్రమ. హౌన్స్‌ఫీల్డు పనిచేసినది గ్రామఫోను రికార్డులమ్మే ఈఎమ్ఐ కంపెనీలోనే అయినా, ఆ మొదటి యంత్రానికి బ్రిటిషు ఆరోగ్యశాఖ ప్రజాధనం కూడా పోసినది. రంట్‌గెన్ తన కిరణాలను లోకానికి వదిలివేశాడు. ఇందరి సొమ్ముతో, ఇందరి దేహాలతో పెరిగిన చూపు చివరకు అద్దెకు దొరికే సరుకుగా మన దగ్గరకు వస్తున్నది. అదీగాక, ఎవరి చిత్రాలతో నేర్చుకొన్నదో వారి దేహాలే దానికి ప్రమాణం. చిన్న వయస్సులో, ముదిరిన తరువాత వచ్చే మన రోగులను అది ఎంత బాగా చదువుతుందో మన రోగులమీద పరీక్షించి చూచుకోవాలి గాని నమ్మి ఊరుకోరాదు.

నాటి సాయంత్రం పలాస పాసింజరులో తిరిగి వస్తున్నాము. విజయనగరం దాటిన తరువాత మావ అన్నాడు: "ఏట్రా అల్లుడా, కవరు నువ్వే మోస్తన్నావు. అందులో ఉన్నది నా కడుపు గదేటి? ఇలా తియ్యి, నానూ ఓపాలి సూస్తాను."

బావ కిటికీవైపు తిరిగిపోయాడు. నేను ఫిల్ము తీసి వెలుతురుకు పట్టుకొన్నాను. ఇది ఎముక, ఇది మూత్రాశయం, ఇది ప్రేగు, ఇదిగో మొదట గడ్డ ఉన్నచోటు. ఆయన వేలితో తడిమి, పొరకూ గడ్డకూ మధ్య ఎంత ఎడముండేదని అడిగాడు. మిల్లీమీటరు కంటె తక్కువ అన్నాను. మిల్లీమీటరంటే ఎంత అన్నాడు. "మీ తప్పెట రేకు మందం అనుకో మావా." ఆయన కాసేపు ఊరుకొని, "కేన్సరని నాకు మొదటి వారంలోనే తెల్సురా" అన్నాడు. "కరెంటు కాడ కూకున్నోళ్ళంతా ఏటి మాటాడుకుంటారు మరి? మీరు సెప్పట్లేదు గదా, బాధపడతారని నానూ ఊరుకున్నాను."

నాలుగు నెలలు. మేము ఆయనకు తెలియకుండా దాచాము; తనకు తెలిసినదని మాకు తెలియకుండా ఆయన దాచాడు. ఆ నాలుగు నెలలూ ఒక ఇంట్లో ఒక మనిషి తన చావును గూర్చి ఒంటరిగా ఆలోచించుకొన్నాడు, చుట్టూ ఇంతమందిమి ఉండి. దీనినే నేను మన కుటుంబ సంస్కృతి అని సమర్థించుకొన్నాను.

రెండు దారులూ చెప్పాను. ఈసారి ఏమీ విడువలేదు. ఆయన రెండవదే ఎంచుకొంటాడని నేను రూఢిగా అనుకొన్నాను. తప్పెట విడిచి ఆయన బ్రతకలేడని మా అందరి నమ్మకం. ఆయన తక్షణం మాట్లాడలేదు. పొందూరు స్టేషను వచ్చి వెళ్ళినది. అప్పుడు వేళ్ళమీద లెక్క మొదలుపెట్టాడు. మూడు నెలలకొకపాలి విశాఖ. తనతో కొడుకు రావాలి. వెళ్ళిరాను రెండు రోజులు, రెండు రోజుల కూలి. పంట కోతలనాడు పడితే ఇంకా నష్టం. "రెండేళ్ళకు ఎనిమిది పాలీలు. ఆఖరికి మళ్ళీ లెగిస్తే అప్పుడూ కొయ్యాల. ఒక్కపాలే కోయించీసుకుంటే పోద్ది. గుంటలకు కూకొని సెప్తాను, గెంతాలేటి?"

ఆపరేషను జరిగినది. ఖర్చు ఆరోగ్య పథకం క్రింద పోయినది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు మొదటి మూడు జిల్లాలలో శ్రీకాకుళం ఒకటి. ప్రభుత్వాలతోపాటు పేరు మారుతూ వచ్చినా పథకం నిలిచినది. దానివలన బ్రతికినవారు మా వీధిలోనే ఉన్నారు, దానిని నేను తేలికగా మాట్లాడను. అయితే అది కత్తికి డబ్బిస్తుంది. కనిపెట్టి ఉండడానికి పోయే కూలికి డబ్బివ్వదు. అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా కాన్సరు ఆసుపత్రి వచ్చినది, మన ప్రాంతానికి అది పెద్ద మేలు. కాని అదీ విశాఖకు ఆవలి కొసన ఉన్నది. మా ఊరినుండి విశాఖకే వంద కిలోమీటర్లకు పైగా.

నన్ను వదలని ప్రశ్న ఇది. మావకు సత్యం చెప్పాము. చిత్రం చూపాము. ఆయన ఇష్టపూర్వకంగా, తెలిసి, నిర్ణయించాడు. సుప్రీంకోర్టు అడిగినదంతా జరిగినది. అయినా ఆ నిర్ణయం స్వేచ్ఛగా జరిగినదని నేను అనగలనా? ఆయన స్థానంలో నెలజీతం వచ్చే నేనుండి ఉంటే, సెలవు పెట్టి ఎనిమిదిసార్లు వెళ్ళి ఉండేవాణ్ణి. నా మలద్వారం నాకుండేదేమో. ఒకే మచ్చ, ఒకే కొలత, ఒకే వైద్యుడు. ఒకరికి కనిపెట్టి ఉండడం, ఒకరికి కోత. మళ్ళీ మళ్ళీ చూడగలవాడికే కోయకుండా ఉండే హక్కున్నది. ఉదారవాదులు స్వేచ్ఛను ఒప్పుకోలు పత్రంమీద సంతకంతో ముగిస్తారు. మనం దానిని రైలు ఛార్జీ, కూలి, దూరం వీటితో కలిపి చూడకపోతే వారికీ మనకూ తేడా లేదు.

దీనికి ఎదురుమాట ఒకటి నా మిత్రుడే అన్నాడు: "ఆయన భయం వలన కూడా కోయించుకొన్నాడేమో, నీవు అన్నిటినీ కూలిలో లెక్కకడుతున్నావు." కావచ్చు. నలుగురిలో ఒకరికి తిరగబెట్టే రోగంతో రోజూ పడుకొని లేవడం చిన్న విషయం కాదు, డబ్బున్నవారు కూడా అందుకే కోయించుకొంటారు. మావ మాటలలో రెండూ ఉన్నవి. కాని ఆయన ముందు లెక్కపెట్టినది వేళ్ళమీద రోజులను.

తీసిన ప్రేగు ముక్కను పరీక్షిస్తే లోతులో కొద్దిగా కణితి మిగిలి ఉన్నదని తేలినది. అంటే ఈసారికి ఆయన ఎంపికే సరియైనదయినది. ఇది నా వాదానికి అనుకూలమా ప్రతికూలమా అని మిత్రులు అడుగుతారు. రెండూ కాదు. అది ముందు ఎవరికీ తెలియదు, ఆయనకూ తెలియదు.

ఇప్పుడు ఆయన అరుగుమీద కూర్చొని కుర్రవాళ్ళకు నేర్పుతున్నాడు. సంచి మీద పంచె కాస్త ఎత్తుగా కడతాడు. తప్పెట కట్టడు, చేత్తో అరుగుమీద వాయిస్తాడు. అత్తయ్య మాత్రం నాతో ఇదివరకటిలా మాట్లాడడం లేదు. ఒకనాడు అడిగితే, "ఆ బండిలో నువ్వు బొమ్మ తియ్యకపోతే ఆయన ఇంకొన్నాళ్ళు గెంతీవోడు" అన్నది. రోగం మిగిలి ఉన్నదని, గెంతినా ఎన్నాళ్ళని చెప్పబోయాను. ఆమె వినకుండా లోపలికి పోయినది.